నొప్పి ఉన్నా పాలు మాన్పించకూడదు
రొమ్ములో పాలు గడ్డకట్టి నొప్పి పుట్టినా బిడ్డకు పాలు మాన్పించకూడదని, తల్లిపాల గురించి నేను చదివిన ఒక వ్యాసంలో రాసిన మాట అక్షరాలా నిజం. ఒడిశాలోని పర్లాకిమిడిలో నా తొలి కాన్పు తర్వాత తొమ్మిదో రోజున కుడి రొమ్ము రాయిలా బిగుసుకుని, చర్మం ఎర్రబడి చలిజ్వరం వస్తే, ఆ పాలు బిడ్డకు పడవని ఇంట్లో పెద్దలు రెండు రోజులు మాన్పించారు. దానితో బాధ ఇంకా పెరిగింది. చివరకు మా వీధి ఆశా దిదీ (ఆరోగ్య కార్యకర్త) వచ్చి, చనుమొన ఒక్కటే కాక దాని చుట్టూ ఉన్న నల్లని వలయం కూడా బిడ్డ నోట్లోకి వెళ్లేలా, గడ్డం రొమ్ముకు ఆనేలా పట్టి చూపించింది. నా చనుమొనలు పగిలి నెత్తురు రావడానికి కారణం బిడ్డను పట్టుకునే తీరేనని అప్పుడే తెలిసింది. అయితే జ్వరం ఒక రోజులో తగ్గకపోతే ఇంటి వైద్యంతో కాలం గడపక డాక్టరుకు చూపించాలని కూడా వ్యాసంలో చేర్చవలసింది. డాక్టరు నాకు రాసిన యాంటీబయోటిక్ పాలిచ్చే తల్లులు వాడదగినదే.