తెల్లబట్టకు అందరికీ ఒకే మాత్రా?

వరంగల్ వైపు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "తెల్లబట్ట అవుతోందంటే ఒంట్లో వేడి, శుభ్రత లేకపోవడం. వేపాకు నీళ్లలో డెటాల్ కలిపి లోపల కడుక్కోండి. మెడికల్ షాపులో ఫంగస్ మాత్ర ఒకటి తెచ్చి వేసుకోండి. మగవాళ్లకు మందు అక్కర్లేదు" అని. దీన్ని నమ్మి ఎవరూ ఒళ్లు పాడుచేసుకోవద్దు.

మొదట వేడి సంగతి. తెల్లబట్ట అంతా జబ్బు కాదు. రెండు నెలసరుల మధ్య గుడ్డు తెల్లసొనలా, వాసన లేకుండా అయితే అది సహజమే. దురద, మంట, చెడు వాసన, రంగు మారడం ఉంటే అనుమానించాలి. అప్పుడు కూడా కారణం ఎక్కువగా సూక్ష్మజీవులే, తిన్న మామిడిపండు కాదు.

శుభ్రత లేదనడం మరీ అన్యాయం. పొద్దంతా పత్తి ఏరి వచ్చిన మనిషిని ఇంకా ఎంత నిందిస్తారు? యోనిలో లాక్టోబాసిల్లై అనే మేలు చేసే బ్యాక్టీరియా ఉంటాయి. అవి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తూ, పులుపు ఎంతుందో చెప్పే కొలత అయిన పీహెచ్‌ను 3.8 నుంచి 4.5 మధ్య ఉంచుతాయి. ఆ పులుపులో చాలా చెడ్డ బ్యాక్టీరియా పెరగలేవు. డెటాల్ నీళ్లు లోపలికి పోస్తే ఈ కాపలా పోతుంది, మెత్తని పొర మండుతుంది. బయట మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు.

అసలు నష్టం ఆ ఒక్క మాత్రతోనే. కాండిడా అనే ఫంగస్ అయితే విరిగిన పెరుగులా అవుతుంది, దురద ఆగదు. షుగర్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు, యాంటీబయాటిక్స్ వాడినవాళ్లకు ఇది ఎక్కువ. గార్డ్‌నరెల్లా వంటి బ్యాక్టీరియా పెరిగితే పల్చగా, బూడిద రంగులో, చేపల వాసనతో ఉంటుంది. మూడోది ట్రైకోమొనాస్, ఏకకణ పరాన్నజీవి. పసుపుపచ్చగా, నురగగా కనిపించవచ్చు. కానీ కంటితో చూసి తేల్చడం డాక్టర్లకే కష్టం. స్లైడ్ మీద సెలైన్ చుక్కలో కలిపి మైక్రోస్కోప్ కింద పెడితే ట్రైకోమొనాస్ కుదుపులతో ఈదుతూ దొరుకుతుంది. శాంపిల్ చల్లారితే కదలిక ఆగిపోతుంది కాబట్టి వెంటనే చూడాలి. గార్డ్‌నరెల్లా ఉంటే యోని పొర కణాల అంచులు కనిపించనంతగా బ్యాక్టీరియా అతుక్కుని ఉంటాయి. ఈ రెండింటికీ ఫంగస్ మాత్ర ఫ్లుకోనజోల్ పనిచేయదు, మెట్రోనిడజోల్ లాంటివి కావాలి. గర్భిణులైతే ఫ్లుకోనజోల్ సొంతంగా మింగనే కూడదు.

ఇక మగవాళ్ల మాట. కాండిడాకు మామూలుగా భర్తకు మందు అక్కర్లేదు. ట్రైకోమొనాస్ అలా కాదు, కలయిక ద్వారా అంటుతుంది. మగవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. ఇద్దరూ మందు వాడి, తగ్గేదాకా దూరంగా ఉండకపోతే భార్యకు మళ్లీ వస్తుంది.

వరంగల్ సీకేఎం ఆసుపత్రిలోనో, హనుమకొండ ప్రసూతి ఆసుపత్రిలోనో, దగ్గర్లోని పీహెచ్‌సీలోనో చూపించుకోండి. పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉన్నా, గర్భంతో ఉన్నా ఆ రోజే వెళ్లండి.