ముల్లు మార్చాలా, మొత్తం మార్చాలా?

రాష్ట్రం ముందున్న సమస్యల్లో రాజధాని తర్వాతి స్థానం దీనిదేనని నా నిశ్చితాభిప్రాయం: పాత రికార్డ్ ప్లేయర్‌ని బాగుచేయించాలా, కొత్తది కొనాలా? బెజవాడలో దీని మీద సలహా లేనివాణ్ణి నేనింకా చూళ్లేదు. ఇంట్లో ఒక్క పాటల ప్లేటు కూడా లేనివాళ్ల సలహాలైతే మరీ గట్టివి.

మరమ్మతువాదుల సిద్ధాంతం పొదుపుగానే మొదలవుతుంది. "ముల్లొక్కటి మార్చండి, చాలు." న్యాయమే. అరిగిన ముల్లు పాటనే కాదు, ప్లేటు మీది గాడిని కూడా చెక్కేస్తుంది. ముల్లు మారుతుంది. రాగానే, ముల్లు కదలికను కరెంటుగా మార్చే ఆ పాత సిరామిక్ కార్ట్రిడ్జ్ దాని హోదాకు తగదని తేలుతుంది. మాగ్నెటిక్‌ది పెడితే దాన్నుంచి వచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులు. దాన్ని పెంచడానికీ, రికార్డు తయారీలో తగ్గించిన బేస్‌నీ పెంచిన ట్రెబుల్‌నీ మళ్లీ దారిలో పెట్టడానికీ ఫోనో ప్రీయాంప్ కావాలి. కొత్త ముల్లు ప్లేటు మీద రెండు గ్రాములకు మించి మోపకూడదు, ముల్లును మోసే పాత టోన్ ఆర్మ్ ఏమో అంత సుకుమారం తనవల్ల కాదంటుంది. అదీ మారుతుంది. ప్లేటును తిప్పే బెల్టు ఎలాగూ రోహిణీ కార్తెకే సాగిపోయింది. చివరికి పాతదాంట్లో మిగిలేది మూత. "పారేయకుండా వాడుకుంటున్నామండీ" అని వచ్చినవాళ్లందరికీ ఆ మూత చూపిస్తారు.

కొత్తది కొనాలనేవాళ్లు 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ప్లేయర్ పేరెత్తి, మోటారే నేరుగా ప్లేటును తిప్పే డైరెక్ట్ డ్రైవ్‌కి బెల్టే ఉండదని ఉపన్యసించి, కాఫీ తాగి వెళ్లిపోతారు. ఏళ్ల తరబడి కొనబోతూనే ఉన్నారు.

ఈ రెండు వర్గాలకూ అందనిది అమెరికా అబ్బాయి పంపిన ప్లేయర్. పటమటలో ఒక పెద్దాయనకు అలాంటిదే వచ్చింది. 120 వోల్టులది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ కొన్నారు. అది వోల్టులు దించుతుంది గానీ మన కరెంటు 50 హెర్ట్జ్‌ని అక్కడి 60 చెయ్యలేదుగా. అందులోని ఏసీ మోటారు హెర్ట్జ్ లెక్కనే తిరిగే రకం. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన ప్లేటు 28 దగ్గరే ఆయాసపడుతోంది. సుశీల గొంతు హార్మోనియం మీద మూడు మెట్లు దిగి, భోంచేసి పడుకోబోతూ పాడుతున్నట్టుంది. మోటారుకి కాస్త పెద్ద పుల్లీ వేస్తే సరిపోతుందని చెప్పబోయాను.

"అనలాగ్ అంటే ఇదేనండీ. మీ సెల్‌ఫోన్లు పాటల్ని పరుగెత్తిస్తున్నాయి" అన్నారాయన.

కాబట్టి నా ప్రతిపాదన: పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి విని తేల్చాలి. తేడా తెలియాలంటే ఫ్యాన్ ఆపాలి. మే నెల బెజవాడలో ఫ్యాన్ ఆపి పాట వినమనడం మానవ హక్కుల ఉల్లంఘన కనుక విచారణను డిసెంబరుకి వాయిదా వేయడమైనది. డిసెంబరులో దోమలు, జనవరిలో సంక్రాంతికి అల్లుళ్లు. ఫిబ్రవరి పరిశీలనలో ఉంది.

ఈ ప్రతిపాదన చదివి వినిపిస్తే మా ఆవిడ ఒకటే సవరణ చెప్పింది.

"ముందు ఆ ప్లేట్లు కిటికీ దగ్గర్నుంచి తియ్యండి. ఎండకి అప్పడాల్లా వంకర్లు పోతున్నాయి."