ఊలు ఉండ చుట్టూ ఓనర్ల సభ

పదిమందికీ కలిసి కూర్చుని పని చేసుకునే చోటు ఇచ్చి బతికేవాళ్లు, తామే ఒకసారి కలిసి కూర్చోవాలనుకుంటే ఎక్కడికి వెళ్లాలి? ఇంకెక్కడికి, హోటల్ హాలుకే. సభకొచ్చిన ప్రతి కోవర్కింగ్ స్పేస్ ఓనరుకీ సొంతంగా ఒక హాలుంది, అందులో కావలసినన్ని ఖాళీ కుర్చీలూ ఉన్నాయి. అయినా సరే, ఒక్క కిటికీ కూడా లేని బాంక్వెట్ హాల్లోనే చేరాలి. అక్కడ ప్లగ్ పాయింట్లన్నీ గోడలకుంటాయి, కుర్చీలన్నీ నట్టనడుమ ఉంటాయి. వైఫై పాస్‌వర్డ్ నిర్వాహకులనడిగితే రిసెప్షన్‌కి పొమ్మంటారు, రిసెప్షన్‌లో అడిగితే నిర్వాహకులనే అడగమంటారు. కుర్చీ, కరెంటు, ఇంటర్నెట్ నెలవారీ ఫీజుకి అమ్ముకునే జనం, ఆ మూడింటికీ మొహం వాచి, రెండు రోజులపాటు 'పని భవిష్యత్తు' గురించి చర్చిస్తారు.

ఇంతవరకూ భరించవచ్చు. పెద్దల సభలన్నాక ఆమాత్రం ఇబ్బందులుంటాయి. నేను భరించలేనిది ఊలు ఉండని.

ఈ రంగంలో ఉన్నవాళ్లకి దాని గురించి చెప్పక్కర్లేదు, పేరు వినగానే ఒళ్లు జలదరించి ఉంటుంది. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. అందరూ గుండ్రంగా నిలబడాలి. ఒకరి చేతికి ఊలు ఉండ ఇస్తారు. ఆ మనిషి తన పేరు, తన స్పేస్ పేరు చెప్పి, "నా దృష్టిలో కమ్యూనిటీ అంటే..." అని ఒక వాక్యం పూర్తి చేసి, దారం కొస తన దగ్గరే ఉంచుకుని, ఉండని ఎదుటివాళ్లకి విసరాలి. అందుకున్నవాళ్లు దారాన్ని నడుముకి ఒక చుట్టు చుట్టుకుని మళ్లీ ఇంకొకరికి విసరాలి. చివరికి మధ్యలో ఒక వల తయారవుతుంది. ఆ వలే మనమట.

ఊలు బయటికి తీసే ముందు స్క్రీన్ మీద ఒక స్లైడ్ వేశారు. 1985లో హారిసన్ ఓవెన్ అనే ఆయన 'ఓపెన్ స్పేస్' పద్ధతిలో సభలు మొదలుపెట్టాడు. వేదిక, ఎజెండా అంటూ ముందే ఏమీ ఉండవు, వచ్చినవాళ్లే ఏం మాట్లాడుకోవాలో తేల్చుకుంటారు. దానికో చక్కటి నియమముంది, రెండు కాళ్ల సూత్రం అంటారు. ఉన్నచోట నువ్వు నేర్చుకునేదీ నేర్పేదీ ఏమీ లేదనిపిస్తే, నీ రెండు కాళ్లకీ పని చెప్పి వేరే చోటికి వెళ్లిపో. ఈ సూత్రాన్ని పెద్దక్షరాలతో చూపించి, అందరి చేతా చప్పట్లు కొట్టించి, ఆ తర్వాత మమ్మల్ని ఊలుతో కట్టేశారు.

మొదటి పదిమందిదాకా బాగానే నడిచింది. పదకొండో ఆవిడ విసిరిన ఉండ గురి తప్పి స్టేజీ కిందకి దొర్లింది. నాలుగు బ్రాంచీల యజమాని ఒకాయన మోకాళ్ల మీద పాక్కుంటూ లోపలికెళ్లి, దుమ్ముతో సహా పట్టుకొచ్చాడు. "చూశారా, కమ్యూనిటీలో ఎవరినీ వదిలెయ్యం!" అన్నాడు ఫెసిలిటేటర్. అతని దగ్గర ప్రతిదానికీ ఒక అర్థం సిద్ధంగా ఉంది. దారం తెగితే, ముడేసుకోవడమే కమ్యూనిటీ. చిక్కుపడితే, ఆ చిక్కులే మన బంధాలు. ఒక పెద్దాయన కుర్చీ అడిగితే, "మనం ఒకరికొకరం ఆసరా" అన్నాడు తప్ప కుర్చీ వెయ్యలేదు. ఆ పెద్దాయన దగ్గర మూడు వందల కుర్చీలున్నాయి, ఊళ్లో.

సరిగ్గా అప్పుడే నా పక్కనున్న ఓనరుగారి ఫోన్ మోగింది. రెండు చేతుల్లోనూ దారం. జేబులో చెయ్యి పెడితే వల మొత్తం కదులుతుంది. నేనే తీసి ఆయన చెవికీ భుజానికీ మధ్య ఇరికించాను కాబట్టి అవతలి మాటలు నాకూ వినబడ్డాయి. ఆయన స్పేస్‌లో కమ్యూనిటీ మేనేజర్‌గా చేసే అమ్మాయి. నెట్ పోయింది సార్, రూటర్ రీస్టార్ట్ చేసినా రావట్లేదు, మీటింగ్ రూమ్‌లో క్లయింట్లతో కూర్చున్నాయన బయటికొచ్చి అరుస్తున్నాడు, ప్రొవైడర్‌తో మాట్లాడాలంటే అకౌంట్ మీ పేరు మీద ఉంది. "ఏదో ఒకటి మేనేజ్ చెయ్యమ్మా, కమ్యూనిటీ సెషన్‌లో ఉన్నాను," అని ఆయన భుజం ఎత్తేశాడు. ఫోన్ కింద పడింది. వంగి తీసే వీలు ఇద్దరికీ లేదు.

మధ్యాహ్నం ప్యానెల్ చర్చ. వేదిక మీద స్మార్ట్ తాళాలమ్మే ఆయన, బుకింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఆయన, శబ్దం బయటికి రాని ఫోన్ బూత్‌లమ్మే ఆవిడ, వీళ్ల ముగ్గురి దగ్గరా కొన్న ఓనరు ఒకడు. ఆక్యుపెన్సీ, అంటే నిండిన సీట్లు, ఎంత అని ఎవరో అడిగితే ఆ ఓనరు తడుముకోకుండా తొంభై శాతమన్నాడు. హాల్లో ఎవరినడిగినా తొంభయ్యే. ఖాళీ సీట్లున్న మనిషి ఒక్కడూ రాలేదన్నమాట, లేదా అందరూ వచ్చారు.

2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామరు వారానికి రెండు రోజులు చోటు అద్దెకు తీసుకుని, బల్లలు వేసి, ఈ వ్యాపారానికి కొబ్బరికాయ కొట్టాడు. ఆ సంగతి ప్రకటించిన ఆగస్టు 9నే ఇప్పుడు కోవర్కింగ్ దినోత్సవం చేసుకుంటున్నారు. మొదటి నెల ఆయన దగ్గరికి ఒక్కరూ రాలేదు. ఆ మాట ఆయనే చెప్పుకున్నాడు, సిగ్గేమీ పడలేదు. ఈ హాల్లో ఆ మాట అనుంటే స్పాన్సర్లు బయటికి పంపేసేవాళ్లు.

లీజు గురించి కూడా ఎవరూ నోరెత్తలేదు. ఏళ్ల తరబడి లీజుకి బిల్డింగు తీసుకోవడం, నెలవారీగా సీట్లు అద్దెకివ్వడం, ఇదీ ఈ వ్యాపారం. మెంబరు నెల తిరక్కుండా వెళ్లిపోగలడు, ఓనరు వెళ్లలేడు. అప్పటి రెండు కాళ్ల సూత్రం మెంబరుకే వర్తిస్తుంది. కోవర్కింగ్ స్పేస్‌లు నడిపే అమెరికా కంపెనీ వీవర్క్‌ని ముంచినవాటిలో ఇదే పెద్దది. 2019 మొదట్లో దాని విలువ 4,700 కోట్ల డాలర్లన్నారు. అదే ఏడు ఐపీఓ కోసం, అంటే షేర్లు మొదటిసారి జనానికి అమ్మడం కోసం, ఇచ్చిన పత్రంలో ప్రపంచ చైతన్యాన్ని ఉద్ధరించడం తమ లక్ష్యమని రాసుకున్నారు. పత్రాన్ని 'మనం' అనే శక్తికి అంకితం కూడా ఇచ్చారు. ఆ శక్తి అద్దె కట్టలేదు. ఐపీఓ వెనక్కి తీసుకున్నారు, 2023 నవంబరులో కోర్టుకెళ్లి దివాలా రక్షణ కోరారు. దీని మీద ఒక్క సెషన్ పెట్టినా వచ్చినవాళ్లకి ప్రయాణం ఖర్చు గిట్టేది. అది మాట్లాడుకున్నవాళ్లు లేకపోలేదు, కానీ స్టాళ్ల వెనక, ఎక్స్‌టెన్షన్ బోర్డు చుట్టూ చేరి, గొంతు తగ్గించి.

సాయంత్రం అవార్డులు. 'ఉత్తమ కమ్యూనిటీ' బహుమతి ఎవరికొచ్చిందో మీరు ఊహించే ఉంటారు. నా పక్కనున్న ఓనరుగారికే. స్టేజెక్కి, "మా మెంబర్లలో ప్రతి ఒక్కరూ నాకు పేరుపేరునా తెలుసు," అన్నాడు. అబద్ధం. పేరుపేరునా తెలిసింది ఆ అమ్మాయికి. కొత్తగా చేరి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్న కుర్రాణ్ణి నలుగురి దగ్గరికీ తీసుకెళ్లి పరిచయం చేసేది ఆ అమ్మాయి. ప్రాజెక్టు పోయి మెట్ల మీద కూర్చున్న మనిషి పక్కన తనూ కూర్చునేది ఆ అమ్మాయి. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగేది, సింకులో వదిలేసిన కప్పులు కడిగేది, ఫోన్లో గట్టిగా మాట్లాడేవాడికి నొప్పి తగలకుండా చెప్పేది, రాత్రి తాళం వేసేది అన్నీ ఆ అమ్మాయే. మీరు స్టేజి మీద అమ్ముకునే సరుకంతా ఒక మనిషి ఒంటిచేత్తో తయారుచేస్తున్న సరుకయ్యా! ఆ మనిషికిచ్చే జీతం రిసెప్షనిస్టు జీతం. సభకి టికెట్టు కొనరు, "డెస్క్ ఎవరు చూస్తారు?" అంటారు. ఏడాది తిరిగేసరికి ఆ అమ్మాయి అలసిపోయి మానేస్తే, మెంబర్లు కూడా ఒక్కొక్కరే జారుకుంటారు. అప్పుడు 'మెంబర్లను నిలుపుకోవడం ఎలా' అనే వర్క్‌షాపుకి డబ్బు కట్టి కూర్చుంటారు. సిగ్గుండాలి.

కాబట్టి వచ్చే సభ నిర్వాహకులకి సవినయంగా ఒక ప్రతిపాదన. ఓనర్లకి ప్రవేశం వద్దు. ఫ్రంట్ డెస్కుల్లో ఉన్నవాళ్లని పిలవండి, ఊలు మాత్రం దాచెయ్యండి. ఆ రెండు రోజులూ ఓనర్లు డెస్కుల దగ్గర కూర్చుంటారు. వాళ్లు కంగారుపడకుండా కొన్ని సూచనలు: ప్రింటర్ రెండో ట్రేలో కాగితాలు నిండా పెట్టకండి, ఇరుక్కుంటాయి. తొమ్మిదింటికే వచ్చే ఆవిడకి కిటికీ పక్క సీటు కావాలి, బుక్ చేసుకోదు, అయినా ఇవ్వాలి. ఫోన్ బూత్‌లో గంటకి పైగా కూర్చున్నాయన తలుపు కొట్టాలి, గట్టిగా కాదు. నెట్ పోతే ప్రొవైడర్‌కి ఫోన్ చెయ్యండి. అకౌంట్ మీ పేరు మీదే ఉంది.