పి.టి.ఎల్. గారికి ఒక పొడుగాటి ఉత్తరం

మహారాజశ్రీ పి.టి.ఎల్. గారికి,

చెన్నై పురసవాక్కం నుంచి ఒక తెలుగు సంఘ సభ్యుడు ప్రభువు నామమున వందనాలతో రాయునది. ఉభయకుశలోపరి.

తమరు ఒకప్పుడు 'ప్రైజ్ ద లార్డ్' అని నిండుగా, చేతులు జోడించుకుని వచ్చేవారు. మా సంఘం వాట్సాప్ గ్రూపులో చేరాక మూడక్షరాలకు చిక్కిపోయారు. మీ మీద మొన్న పెద్దల సమావేశంలో తీర్మానం జరిగింది. ప్రభువు నామాన్ని కుదించడం ఆయనను కించపరచడమే గనుక గ్రూపులో పి.టి.ఎల్., ఎక్స్‌మస్ వంటి పొట్టి మాటలు ఇకమీదట నిషేధం. ఆమెన్.

తీర్మానం రాసిన కాగితాన్ని మీరు చూసి తీరాలి. పైన మా సంఘం పేరు పొడి అక్షరాల్లో ఉంది. తేదీకి ముందు 'క్రీ.శ.' అని ఉంది, అంటే క్రీస్తుగారు ఒక్క అక్షరానికీ ఒక చుక్కకూ దిగివచ్చారు. సమావేశం జరిగింది ప్రసంగ వేదిక ముందు. ఆ వేదిక గుడ్డ మీద బంగారు దారంతో 'ఐ.హెచ్.ఎస్.' అని కుట్టి ఉంటుంది. అవి గ్రీకులో యేసు పేరులోని మొదటి మూడు అక్షరాలు. తీర్మానం ప్రతిపాదించిన పెద్దాయన తండ్రిగారి పేరు 'యేసు'తోనే మొదలవుతుంది. ఈ ఊరి ఆచారం ప్రకారం అది కొడుకు పేరు ముందు ఒంటి 'వై' అయి కూర్చుంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆయన సంతకం ఆ 'వై'తోనే. తీర్మానం కింద కూడా.

ఈ ఊరిని అడిగితే మీకు న్యాయం దొరికేది. జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరైన పిట్టి త్యాగరాయ శెట్టి గారిని ఒక్క 'టి'లో సర్ది, టి.నగర్ అని పిలుచుకుంటూ హాయిగా బతుకుతున్న ఊరు ఇది. ఆయన మీద గౌరవం తగ్గిందని ఎవరూ కన్నీరు పెట్టలేదు. 2019లో సెంట్రల్ స్టేషనుకు పురచ్చి తలైవర్ డాక్టర్ ఎం.జి. రామచంద్రన్ పేరు బిరుదులతో సహా తగిలించారు. ఆటో ఎక్కి ఆ పేరంతా చెప్పిన ప్రయాణికుణ్ణి నేనింకా చూడలేదు.

ఇంతకీ మీ వంశం సామాన్యమైనది కాదు. సినాయి పర్వతం దగ్గరి మఠంలో దొరికిన 4వ శతాబ్దపు గ్రీకు బైబిలు ప్రతిలో దేవుడు, ప్రభువు, యేసు, క్రీస్తు అన్న మాటలు చాలావరకు మొదటి, చివరి అక్షరాలుగానే ఉంటాయి. అంతకన్నా పాత పపైరస్ ప్రతుల్లోనూ అదే పద్ధతి. తోలు కాగితం ఖరీదని కక్కుర్తిపడ్డారనుకుంటే పొరపాటు. ఆ ప్రతుల్లో అంచులు ధారాళంగా వదిలేశారు. పైగా కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో దేవతలనబడేవారు, ప్రభువులనబడేవారు అనేకులున్నారనే చోట అవే మాటల్ని పూర్తిగా రాసిన పాత ప్రతులున్నాయి. ఉత్తుత్తి దేవుళ్లకు నిండు పేరు, నిజ దేవుడికి పొట్టి పేరు! మా పెద్దలు అక్కడ ఉంటే ఆ లేఖకుణ్ణి సంఘం నుంచి వెలివేసేవారు.

15వ శతాబ్దంలో ఇటలీలో బెర్నార్డినో అనే సన్యాసి ఆ ఐ.హెచ్.ఎస్. అక్షరాలనే పలక మీద రాయించి, ప్రసంగం చివర జనానికి చూపించేవాడు. జనం మోకరిల్లేవారు. ఆయన మీదా ఫిర్యాదు వెళ్లింది. అయితే అది పేరును కుదించాడని కాదు, కుదించిన అక్షరాలకు మరీ ఎక్కువ మర్యాద చేస్తున్నాడని! పోపు మార్టిన్ 5 ఆయనను రోముకు పిలిపించి, విచారించి, నిర్దోషి అని పంపేశాడు. మా పెద్దల దాకా రానందుకు ఆయన ధన్యుడు.

సిలువ మీద 'యూదుల రాజైన నజరేయుడగు యేసు' అని మూడు భాషల్లో పూర్తిగా రాయించిన రోమా అధిపతి పిలాతు ఆయనను చంపించాడు. దాన్ని ఐ.ఎన్.ఆర్.ఐ. అని నాలుగు లాటిన్ అక్షరాలకు కుదించి బొమ్మలు వేసినవాళ్లు ఆయనకు మొక్కారు. మర్యాదను కొలబద్దతో కొలిచే మా పెద్దలు ఈ లెక్క ఎలా తేలుస్తారో తెలియదు. ఇక డిసెంబరు వస్తే పాండీ బజారు దుకాణాల మీద కనిపించే ఎక్స్‌మస్ సంగతి. ఆ ఎక్స్ క్రీస్తును కొట్టేసిన గుర్తు కాదు, గ్రీకులో ఆయన పేరులోని మొదటి అక్షరం. తగ్గింపు ధరల బోర్డు మీద ఆయన ఏం చేస్తున్నాడన్నది వేరే గొడవ.

ఇంతా చెప్పి మిమ్మల్ని నిర్దోషి అనడం లేదు. ఆ పాత గ్రీకు ప్రతుల లేఖకులు రెండక్షరాలు రాసి ఊరుకోలేదు. కలం మళ్లీ ఎత్తి వాటి పైన ఒక అడ్డగీత గీశారు, చదివేవాడి కన్ను అక్కడ ఆగాలని. తమరి నెత్తిన ఏ గీతా లేదు. ఎవరి కన్నూ ఆగదు, పంపేవాడి కన్ను అసలే ఆగదు. సంఘంలో ఒక అక్క తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారని కబురు పెడితే, కింద మొదటి జవాబు తమరే. చందా బకాయిల జాబితా కింద తమరే. ఆదివారం భోజనంలో సాంబారు చాలదేమోనన్న మాట కింద కూడా తమరే.

నిషేధంతో తమరు పోయారనుకున్నాం. పోలేదు. పెద్దాయన ఫోనులో ఆయన మనవడు ఒక ఏర్పాటు చేశాడు. మూడక్షరాలు కొడితే చాలు, నిండు 'ప్రైజ్ ద లార్డ్' దానంతటదే పడుతుంది, వెనుకే జోడించిన చేతుల బొమ్మలు. ఇప్పుడు గ్రూపులో సగం మందికి అదే ఏర్పాటు. తీర్మానం అక్షరాలా అమలవుతోంది. జోడించే చేతులు కూడా ఫోనువే కనుక మనుషులకు బొత్తిగా శ్రమ లేదు.

కనుక ఒక్క మనవి. సాంబారు కిందా చందా కిందా మీ ఇష్టం. ఎవరైనా పోయారన్న కబురు కిందికి మాత్రం రాకండి. పొట్టిగానూ వద్దు, పొడుగ్గానూ వద్దు.

ఇట్లు,
తమ విధేయుడు