ముగ్గురికి రెండు మంచాలు

విశ్వవిద్యాలయాల్లో పరిశోధన పడకేసిందనేవాళ్లు ఒక్కసారి హాస్టల్ నోటీసు బోర్డు చూసి రావాలి. కొత్తగా చేరిన పిల్లల్లో ఎవరి పక్కన ఎవరు పడుకోవాలో తేల్చిన పరిశోధనాపత్రం అక్కడే అతికించి ఉంటుంది. ఎడమవైపు గది నంబరు, కుడివైపు మూడు రోల్ నంబర్లు, కింద వార్డెన్ సంతకం. పద్ధతంటారా? ప్రవేశాల జాబితాను పైనుంచి మూడేసి చొప్పున తెంపుకుంటూ రావడమే.

అమెరికాలో చాలా వర్సిటీలు ఎన్నింటికి పడుకుంటావు, గది సర్దుకుంటావా అని అడిగి మరీ జత కడతాయి. పాపం, అడగడానికి వాళ్లకు వేరే ఏముంది! మనకైతే కులం, ఆదాయం, నివాసం ధ్రువపత్రాలున్నాయి. ర్యాగింగ్ చేయనని పిల్లవాడిదొకటి, తండ్రిదొకటి అఫిడవిట్లున్నాయి. చలానా కడితేగానీ గది నంబరివ్వరు, గది నంబరు లేనిదే చలానా కట్టించుకోరు. గురక పెడతావా అన్న గడి మాత్రం ఎక్కడా కనిపించదు.

ఇక గది. ఇద్దరి కోసం కట్టింది కనుక మంచాలు రెండు, ఫ్యాను ఒకటి, పనిచేసే ప్లగ్గు ఒకటి. మూడోవాడు నేలమీద పరుపేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. ఆ సగంలోంచే రాత్రి పదకొండింటికి, హాస్టల్ లెక్కలో లేకుండానే ఉండిపోయే నాన్‌బోర్డరు అన్న దూరతాడు. "గ్రూప్స్ అయ్యేదాకే తమ్ముడూ!" అన్నకు మంచం, మంచంవాడికి నేల, నేలవాడికి వరండా. మెస్‌ది డివైడింగ్ సిస్టమ్. మొత్తం ఖర్చును లెక్కలో ఉన్న బోర్డర్లకే పంచుతారు గనక, లెక్కలో లేని అన్న తిన్న గుడ్డు కూడా తమ్ముళ్ల బిల్లులోకే ఎక్కుతుంది. మొదటేడాది వాళ్లను వీలైనంతవరకు వేరే బ్లాకులో ఉంచాలని ర్యాగింగ్ ఆపడానికి చేసిన 2009 యూజీసీ నిబంధన. అందులో అఫిడవిట్ ముక్క ఒక్కటీ తు.చ. తప్పకుండా అమలైంది.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఆ జాబితా కేటగిరీలవారీగా వచ్చిందనుకోండి, మూడేసి తెంపితే ఏమవుతుంది? ఓపెన్ వాళ్లంతా ఒక వరస, బీసీలు ఒక వరస, ఎస్సీ, ఎస్టీలు వరండా చివర. అడిగితే "మేం చేసిందేం లేదండీ, కంప్యూటర్ వరస" అంటారు. ఏం వరసండీ అది? ఊరికి అవతల వాడ కట్టిన వరసే కదా! ఢిల్లీ ఎయిమ్స్ హాస్టళ్లలో దళిత విద్యార్థులను కొన్ని అంతస్తులకే నెట్టారని, అక్కడి కులవివక్షపై విచారించిన థోరట్ కమిటీ 2007లోనే రాసింది. హాస్టళ్లలో వేరు పెట్టకూడదని యూజీసీ 2012లో నిబంధన చేసింది. రోల్ నంబర్లు కలిపేసి చీటీలు తీస్తే అరగంట పని. సిగ్గు లేకపోతే సరి, ఆ అరగంటకు సిబ్బంది లేరట!

నోటీసు బోర్డు మీద రోల్ నంబరు పక్కన కేటగిరీ టైపు కొట్టడానికి మాత్రం ఏటా మనిషి దొరుకుతున్నాడు.