ఏడేళ్ల పిల్ల చూసింది, విచారణ చూడలేదు

మా కర్నూలు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఈ వారమంతా ఒకటే మెసేజ్. ఊరుకుందామనుకుంటే బంధువుల గ్రూపులోకీ వచ్చి పడింది. దాని సారాంశం ఇది: టైటానిక్ నుంచి పసితనంలో బతికి బయటపడినవాళ్లు ముసలితనంలో చేత్తో రాసిన ఉత్తరాలన్నీ కట్టుకథలు, పిల్లల జ్ఞాపకాలను నమ్మకూడదు.

'అంత ముత్యాల్లాంటి రాత ఎనిమిదేళ్ల పిల్లకు ఉంటుందా?' ఉండదు. రాసింది డెబ్బై దాటిన అవ్వ. తర్వాతిది చూద్దాం.

'గుంటూరులో పుట్టిన పిల్ల టైటానిక్ ఎక్కిందట!' ఎక్కింది. పేరు రూత్ బెకర్, వయసు 12. తండ్రి గుంటూరులో అమెరికన్ లూథరన్ మిషనరీ. పసివాడైన తమ్ముడికి జబ్బు చేస్తే తల్లి ముగ్గురు పిల్లలతో అమెరికా బయలుదేరింది. తల్లి, చెల్లి, తమ్ముడు 11వ పడవలో, ఈ పిల్ల ఒక్కతే 13వ పడవలో బయటపడ్డారు. నవ్వే ముందు కాస్త వెతికితే దొరికేది.

'పిల్లలందరినీ ముందే పడవలెక్కించారు, వాళ్లు చూసిందేమిటి?' ఓడలో రెండో తరగతి టికెట్టు మీద ప్రయాణించిన పిల్లలు 24 మందీ బతికిన మాట నిజమే. మూడో తరగతిలో 79 మంది పిల్లలుంటే 52 మంది పోయారు. 'అందరూ' అన్న లెక్కలోకి ఆ పిల్లలు రారేమో! ఏడేళ్ల ఈవా హార్ట్‌ను పడవ ఎక్కించిన తండ్రి ఓడ మీదే ఉండిపోయాడు. ఆ పిల్ల ఏమీ చూడలేదట.

ఇక అసలు విషం ఇక్కడుంది: 'ఓడ రెండుగా విరిగిందని వీళ్లు రాశారు. 1912 బ్రిటిష్ విచారణ ఓడ విరగకుండానే మునిగిందని తేల్చింది. కాబట్టి పిల్లల మాట కల్పన.' మెసేజ్ రాసిన మేధావికి 1912 తర్వాత పత్రిక అందినట్టు లేదు. బతికిన అధికారుల్లో అందరికన్నా పైహోదా ఉన్న లైటోలర్ విరగలేదన్నాడు, విచారణ ఆ మాటే పట్టుకుంది. విరగడం చూశానని ఈవా మాత్రం దశాబ్దాల పాటు చెబుతూనే వచ్చింది. 1985 సెప్టెంబరు 1న శిథిలాలు దొరికాయి. సుమారు 3,800 మీటర్ల లోతున ముందు భాగం ఒకచోట, దానికి 600 మీటర్ల దూరంలో వెనక భాగం! హోదా ఉన్న పెద్దమనిషి తప్పు, ఏడేళ్ల పిల్ల ఒప్పు. అయినా మన గ్రూపులో ఇప్పటికీ పిల్లదే అబద్ధం.

ఇది ఫార్వర్డు చేసింది కర్నూలువాళ్లు కావడం నాకు మరీ వింత. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడ్డప్పుడు ఏడెనిమిదేళ్లున్నవాళ్లు ఇప్పుడు మీ ఇళ్లలోనే ఉన్నారు. నీళ్లు ఎన్నో మెట్టు దాకా వచ్చాయో, మిద్దె మీదికి ఎవరు ఎత్తుకెళ్లారో అడగండి. ఆ తర్వాత, 'నువ్వు పిల్లవు, నీకేం గుర్తు' అని వాళ్ల ముఖం మీద చెప్పి చూడండి.

ఒక్క మార్కు మాత్రం వేస్తాను. మునిగిపోతున్న ఓడ మీద వాద్యబృందం చివరిగా ఏ పాట వాయించిందో ఈ ఉత్తరాల్లో తలా ఒకటి ఉందని మెసేజ్ అంటోంది. అది సరైన మాటే. గడియారం చెప్పే వేళలు, పాటల పేర్లు పత్రికలూ సినిమాలూ చూశాక జ్ఞాపకంలో కలిసిపోతాయి. వాటికి నేనూ ఈ ఉత్తరాలను సాక్ష్యంగా తీసుకురాను. కాకపోతే ఆ పాట మీద పెద్దవాళ్ల సాక్ష్యాలూ కలవలేదు.