రాకాసి మట్టకు రాజయోగం

లోకంలో గౌరవం మొక్కకు కాదు, కుండీకి దక్కుతుందని సుదీర్ఘ పరిశోధన మీదట తేల్చాను. ఖర్చు 1,800 రూపాయలు.

మా తాతగారి పొలం గట్టు మీద రాకాసి మట్టలుండేవి. వాటికెవరూ నీళ్లు పోసిన పాపాన పోలేదు. మేకల్ని లోపలికి రానివ్వకపోవడమే వాటి ఉద్యోగం, జీతం లేదు. అప్పుడప్పుడూ నాలుగు మట్టలు కోసి, నానబెట్టి, నార తీసి పలుపులు పేనుకునేవారు. రసం తగిలిందంటే చేతులు దురద!

అదే మొక్క, అంచులకు పసుపు చారలతో, మొన్న నర్సరీలో తెల్ల పింగాణీ కుండీలో కొలువుదీరి కనిపించింది. పేరు అగేవ్. పుట్టిల్లు మెక్సికో అని కుర్రాడు చెప్పగానే నాకు భక్తి పుట్టుకొచ్చింది. గట్టు మీద వాటిదీ మెక్సికోనే, చెప్పుకోవడం చేతకాలేదంతే.

బాల్కనీలో పెట్టాం. పొద్దున్నే నేను నీళ్లు పోస్తాను. నేను మర్చిపోయానేమోనని మా ఆవిడ పోస్తుంది. మా ఇద్దరి మీదా నమ్మకం లేక అమ్మ బియ్యం కడుగు పోస్తుంది. ఎండకు కందిపోతుందని నీడకు జరిపాం. నిజానికి దానికి కావలసింది పొద్దస్తమానం ఎండ, ఇసుక బాగా కలిపిన మట్టి, అది పూర్తిగా ఎండాక కాసిని నీళ్లు, కుండీ అడుగున చిల్లు. పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రిపూట గాలి పీల్చే పొదుపరి అది. మేమేమో టైల్స్ మీద మరక పడుతుందని చిల్లు లేని కుండీని ఏరి కొన్నాం.

ముందుచూపు లేదనకండి. ఈ మొక్క పదేళ్లకో ముప్ఫయ్యేళ్లకో, జన్మలో ఒక్కసారే, ఇరవై అడుగుల పూల కాడ వేసి చచ్చిపోతుందట. మా బాల్కనీ ఎత్తు తొమ్మిది. మిగతా పదకొండు అడుగులకు పై అంతస్తు వాళ్ల అనుమతి కోరుతూ అసోసియేషన్‌కు అర్జీ పెట్టాను.

మూడో వారానికి మొదలు మెత్తబడి కంపు కొట్టింది. ఊళ్లో బాబాయికి ఫోన్ చేశాను.

"రాకాసి మట్టలా? ట్రాక్టర్‌కి అడ్డమొస్తున్నాయని మొన్నే అన్నీ పెరికించి కాలవగట్టున పడేశానురా. అక్కడా వేళ్లూనుకున్నాయి, దరిద్రం! ఎన్ని కావాలి?"

అసోసియేషన్ అనుమతి పత్రం నిన్ననే వచ్చింది.